సౌదీ పోయొచ్చిన నా అనుభవం: అసలు ఎవరు పోతరు, ఎట్ల పోతరు

గల్ఫ్‌కు ఎందుకు పోతరని ఎవర్ని అడిగినా పేదరికం అనే చెప్తరు. నేను పోయి పనిచేసి వచ్చినోన్ని, ఆ మాట సగమే కరెక్ట్ అంట. మా ఊర్ల అందరికన్నా లేనోళ్ళు ఎవలంటే గుంట భూమి లేకుండ రోజు కైకిలి మీద బతికేటోళ్ళు, వాళ్ళ ఇండ్లకెల్లి సౌదీ, దుబాయి పోయినోళ్ళు చాన తక్కువ, ఎందుకంటే వాళ్ళకు లక్ష రూపాయలు అప్పు ఎవడిస్తడు చెప్పుండ్రి. పోయినోళ్ళల్ల ఎక్కువ మంది ఎకరమో రెండెకరాలో ఉండి, బోరు ఎండిపోయి, కనీసం పాసుబుక్కు ముందల పెడితే ఎవడో ఒకడు పైసలు తీసిచ్చే హాలత్ ఉన్నోళ్ళు. ఇంకోటి ఏందంటే అప్పు పుట్టినా సరే అక్కడ మనోడు ఒకడు లేకపోతే పని కాదు. పెట్టుబడి ఒకటి, అక్కడ తెల్సినోడు ఒకడు, ఈ రెండూ ఉన్న ఇంట్లకెల్లే మనిషి కదుల్తడు. నేను ఎట్ల పోయిన్నో మొత్తం రాస్తున్న, జర పెద్దగనే ఉంటది.

మాది నిజామాబాద్ జిల్లా, మోర్తాడ్ కమ్మర్‌పల్లి దిక్కు. పసుపు, మక్క, నీళ్ళుంటే వరి. ఇటు మేము, అటు మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, ఈ బెల్ట్ అంత గల్ఫ్ బెల్టే. ఆడోళ్ళు ఇంట్ల కూసొని బీడీలు చేస్తరు, మా అవ్వ చేసింది, నా భార్య ఇప్పటికీ చేస్తది. పొద్దుగాల లేసి తునికాకు తడిపి, కత్తెరతోని కత్తిరించి, చాటల తంబాకు పోసుకొని కూసుంటే రాత్రి దాంక అదే పని, కట్టలు కట్టి తీస్కపోయి ఇస్తే నెలకు ఇంత అని వస్తది. అవి పెద్ద పైసలేం కాదు గాని ఉప్పు పప్పు, పిల్లల బుక్కులు నడుస్తయి, అందుకే మొగోడు రెండేండ్లు కంటికి కనపడకున్నా ఇల్లు నిలబడ్తది. గల్ఫ్ వలస గురించి రాసేటోళ్ళంత కరువు గురించి, ఏజెంట్ల గురించి రాస్తరు గాని నా లెక్కల అయితే ఈ బీడీల పైసలు కూడ ఒక పెద్ద కారణమే, అవి లేకపోతే మొదటి ఏడాది అప్పు మిత్తికే పోతుంటే ఇంట్ల తినేది ఏంది.

మా జిల్లాకెల్లి మనుషులు పోవుడే కాదు, మా జిల్లాకు వచ్చుడు కూడ ఉండె. 1931ల నిజాంసాగర్ పూర్తయినంక బోధన్, వర్ని, కోటగిరి దిక్కు కాలువ నీళ్ళు వచ్చినయి, ఆ నీళ్ళను చూసి కోస్తా జిల్లాల రైతులు వచ్చి భూములు కొని సెటిల్ అయిండ్రు, ఇప్పటికీ ఆడ కొన్ని ఊర్ల పేర్ల వెనక క్యాంపు అని ఉంటది. అదే జిల్లాల కాలువ ఎక్కని మెట్ట మావి. ఒక్క జిల్లానే, నీళ్ళు పారిన కాడికి ఎక్కడోళ్ళో వచ్చిండ్రు, పారని కాడికెల్లి ఉన్నోళ్ళు పోయిండ్రు.

మొదలు పోయింది గల్ఫ్‌కు కాదు. బొంబాయి, భీవండి, సూరత్. పద్మశాలోళ్ళు మగ్గాల మీదికి, మిగిలినోళ్ళు బిల్డింగ్ పనులకు. 1973ల అరబ్ దేశాలు చమురు రేటు పెంచినంక అక్కడ పైసలకు కొదవ లేకుండ అయ్యి రోడ్లు, పోర్టులు, బిల్డింగులు కట్టుడు షురూ చేసిండ్రు, వాళ్ళ సొంత జనం తక్కువ, చేసేటోళ్ళు బయటికెల్లి రావాలె. ఆ ఖబర్ ముందు బొంబాయిల ఉన్న మనోళ్ళ చెవిల పడ్డది. అంటే ఊర్లకెల్లి సీదా దుబాయి పోలే, భీవండి దాంక పోయినోడే అక్కడికెల్లి దాటిండు. మా మేనమామ గట్లనే, బొంబాయిల ఒక రూంల పదిమందితోని నెలలకొద్ది పడుండి వీసా కోసం చూసి చూసి 80లల్ల సౌదీ పోయిండు. రెండేండ్లకు వచ్చినప్పుడు టేప్ రికార్డర్, కంబళ్ళు, సెంటు సీసలు తెచ్చిండు, ఇగ మళ్ళ పొయ్యేటప్పటికి ఆయన ఇంటి ముందల పాస్‌పోర్టులు పట్టుకొని లైన్ కట్టిండ్రు అంటరు. ఆయన ముందు తన తమ్మున్ని తీస్కపోయిండు, తర్వాత బామ్మర్దిని, తర్వాత కొడుకును. ఆ కొడుకు, అంటే మా బావ, నన్ను.

నేనెందుకు పోయిన అంటే బోరు. మా బాపు వేసిన బోర్లు వరుసగ ఫెయిల్ అయినయి, ఆఖరుది వేసినప్పుడు నేను కాడనే ఉన్న, బండి రాత్రి వచ్చింది, తెల్లారెదాక నడిచింది, మూడొందల ఫీట్లు దాటినంక కూడ పైపుకెల్లి తెల్లటి దుమ్మే లేస్తుంది, చెట్ల మీద, మా నెత్తుల మీద, పక్క చేన్ల మక్క ఆకుల మీద పిండి పోసినట్టు. బండోడు ఫీట్ల లెక్కన పైసలు అడుగుతడు, నీళ్ళు పడ్డయా లేవా వానికి సంబంధం లేదు. ఆ అప్పు ఉండంగనే చెల్లె పెండ్లి వచ్చింది. అప్పుడు బావకు ఫోన్ చేసిన. నాకు పోవాలె అని ఎప్పటికెల్లో ఏం లేకుండె, హైదరాబాద్ పోయి సెక్యూరిటీ గార్డ్ చేద్దామనుకున్న, కాని హైదరాబాద్ జీతంల కిరాయి, తిండి పోంగ మిగిలేది లేదు, సౌదీల రూం కంపెనీది, మిగిలేది ఎక్కువ. లెక్క అంత మిగిలేదాని మీదనే నడిచింది, జీతం మీద కాదు. ఈ ముచ్చట బయటోళ్ళకు అర్థం కాదు, అక్కడ ఇచ్చే జీతం ఇక్కడ కూడ వస్తది కద అంటరు, వస్తది, మిగలది.

నేను పోయింది 2018ల. ముందు పాస్‌పోర్ట్. నేను పది పాస్ కాలే, అందుకే నా పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్, అంటే ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్ అని పడ్డది. అట్ల పడ్డోడు సౌదీ, దుబాయి, ఖతర్, కువైట్, ఒమన్, బహ్రెయిన్, మలేషియా లాంటివి మొత్తం 18 దేశాలకు పనికి పోవాలంటే ముందు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీస్కోవాలె, 1983ల వచ్చిన చట్టం ప్రకారం. పది పాసైనోనికి ఇదేం లేదు, సీదా పోవచ్చు. ఇక్కడ ఒక తమాష ఉన్నది, గల్ఫ్‌కు ఏడాదికి ఇంతమంది పోయిండ్రు అని సర్కారు చెప్పే లెక్క ఎక్కువగ ఈ క్లియరెన్స్ లెక్కనే. ఇప్పుడు పోయే పిల్లలు పది ఏంది, డిగ్రీ చేసినోళ్ళు కూడ ఉన్నరు, వాళ్ళంత ఆ లెక్కల పడరు. ఇంకొందరు విజిట్ వీసా మీద పోయి అక్కడ పని దొరకబట్టుకుంటరు, వాళ్ళూ పడరు. అందుకే వలస తగ్గింది అని పేపర్ల చూసినప్పుడల్ల నాకు నవ్వొస్తది, మా ఊరి బస్టాండ్ల కూసుంటే అట్ల అనిపియ్యది.

వీసా కథ వేరే. సౌదీల కంపెనీకి అక్కడి సర్కారు ఇన్ని వీసాలు అని ఇస్తది, కంపెనీ ఆ కాయితం ముంబై ఆఫీసోనికి ఇస్తది, వాడు హైదరాబాదోనికి చెప్తడు, హైదరాబాదోడు మా మండలంల తిరిగేటోనికి చెప్తడు. ఎంత దూరం వస్తే అంత పైసలు కలుస్తయి. రూల్ ఏంది, లైసెన్స్ ఉన్న ఏజెంటే మనుషుల్ని పంపాలె, 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకన్నా ఒక్క రూపాయి ఎక్కువ తీస్కోవద్దు, తీస్కున్నదానికి రసీదు ఇయ్యాలె. నాతోని తీస్కున్నది దానికి మూడింతలకు దగ్గర, రసీదు అడిగితే ఊర్ల ఉన్నోడు నవ్విండు, నమ్మకం లేకపోతే వద్దు తమ్మి, లైన్ల ఇంకో పదిమంది ఉన్నరు అన్నడు. అది నిజమే, ఉన్నరు. ఒక్క వీసాకు పదిమంది ఉన్నన్ని రోజులు ఆ రేట్ ఎవడూ తగ్గియ్యలేడు.

ఆజాద్ వీసా కూడ అడిగిండు, కావాల్నా అని. అంటే కాయితం మీద ఒక కఫీల్, అంటే మన వీసాకు స్పాన్సర్, ఉంటడు, ఆయన కింద పని ఉండది, మనం బయట ఎక్కడ దొరికితే అక్కడ చేసుకొని ఆయనకు నెలకింత కట్టాలె. బాగ చేతి పని వచ్చినోళ్ళు, ఏసీ మెకానిక్‌లు, టైల్స్ వేసేటోళ్ళు గట్ల మస్తు సంపాయించినోళ్ళు ఉన్నరు, కాని అది చట్టానికి ఒప్పుకునేది కాదు, పోలీస్ ఆపిండంటే జైలు, పంపిచ్చుడు. నాకు చేతి పని ఏం రాదు, హెల్పర్‌ను, కంపెనీ వీసానే అన్న.

హైదరాబాద్‌ల ఇంటర్వ్యూ ఒక లాడ్జి హాల్ల. సౌదీకెల్లి వచ్చిన ఒకాయన, ఈజిప్ట్ మనిషి, టేబుల్ వెనక కూసున్నడు. పేరు కూడ అడగలే, చేతులు చూపెట్టమన్నడు. నా అరచేతులు తిప్పి బొటనవేలుతోని ఒత్తి చూసిండు, కాయలు కాసినయా లేదా అని. నా ముందల ఒక పిల్లగాడు, సెల్ ఫోన్ షాపుల చేసేటోడట, చేతులు మెత్తగున్నయి, పక్కకు జరుపుమన్నడు. నాది చిటికెల అయిపోయింది, ఎనకకెల్లి ఒకడు పాస్‌పోర్ట్ గుంజుకొని కుప్పల వేసిండు.

మెడికల్ దగ్గర అసలు భయం ఉంటది. అప్పట్ల గామ్కా అనేటోళ్ళు, గల్ఫ్ పోయేటోళ్ళకు మెడికల్ చేసే సెంటర్ల సంఘం, ఇప్పుడు వాఫిద్ అని ఆన్‌లైన్ల అయింది, వాళ్ళు ఏ సెంటర్ చూపిస్తే ఆ సెంటర్లనే చేయించుకోవాలె. రక్తం, మూత్రం, ఛాతి ఎక్స్‌రే, హెపటైటిస్, హెచ్ఐవీ అన్నీ చూస్తరు. ఎక్స్‌రే రూం బయట అందరం అంగీలు విప్పి నిలబడ్డం, నా ఎనక జగిత్యాల దిక్కు అన్న ఒకాయన ఊరికూరికె దగ్గు ఆపుకుంటుండు, అన్నా నీళ్ళు తాగు అంటే ఊపిర్తిత్తులల్ల చిన్నప్పటి మచ్చ ఉందే, మందులు పూర్తిగ వాడిన, తగ్గింది, అయినా ఎక్స్‌రేల కనపడ్తదట అన్నడు. కనపడ్డది. పాత టీబీ మచ్చ ఉన్నా అన్‌ఫిట్ రాస్తరు. ఆయన అప్పటికే సగం పైసలు కట్టిండు, వాపస్ ఇస్తనన్నడట ఏజెంట్, మళ్ళ నేను ఆయన్ని చూడలే. ఫిట్ అని వచ్చినా అది కొన్ని రోజులే చెల్లుతది, వీసా స్టాంపింగ్ లేటయితే మళ్ళ పైసలు పెట్టి మళ్ళ చేయించుకోవాలె. లోపట ఏం బీమారి ఉందో తెల్వదు గాని ఆ వారం రోజులు ప్రతోడు తన ఒంటిని తానే అనుమానంగ చూసుకుంటడు.

స్టాంపింగ్ అయి వచ్చినంక చూస్తే వీసాల నా పని లోడింగ్ అన్‌లోడింగ్ అని ఉన్నది. చేసేది షట్టరింగ్ హెల్పర్ పని. అట్లనే ఉంటది, సగం మంది కాయితాలల్ల అదే. తర్వాత సర్కారు వెబ్‌సైట్ ఈమైగ్రేట్ల క్లియరెన్స్ అయింది, ఇన్సూరెన్స్ కట్టిండ్రు, ప్రవాసీ భారతీయ బీమా యోజన అని, రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375. యాక్సిడెంట్ల చనిపోయినా, పూర్తిగ పనికిరాకుండ అయినా 10 లక్షలు వస్తయి. ఇది మాత్రం చెప్తున్న వినుండ్రి, ఆ పాలసీ కాయితం జిరాక్స్ తీసి ఇంట్ల పెట్టి పోవాలె. మా దిక్కు శవం పెట్టెల ఇంటికొచ్చిన ఇండ్లు ఉన్నయి, ఆ ఇంట్లోళ్ళకు అసలు పాలసీ ఉన్నదన్న సంగతే తెల్వది, ఎందుకంటే ఆ కాయితం ఏజెంట్ ఫైల్ల ఉంటది, పోయినోని జేబుల ఉంటది, భార్య దగ్గర ఉండది.

ఎయిర్‌పోర్ట్ గురించి ఏం రాయను, అందరికీ తెల్సిందే.

దమ్మామ్ దగ్గర క్యాంపు. రూంల రెండంతస్తుల మంచాలు, నేను పోయినప్పుడు రూంల ఉన్నోళ్ళంత ఆర్మూర్ నుంచి కోరుట్ల మధ్యల ఊర్లోళ్ళే, మొదటి రోజే నా పక్క మంచపోడు మా చిన్నమ్మ అత్తగారి ఊరోడు. వేల కిలోమీటర్లు పోయినా ఆ రూంల నలభై కిలోమీటర్ల లోపటి మనుషులే. ఇది ఎట్ల అయిందంటే ఫోర్‌మన్ మెట్‌పల్లి దిక్కాయన, కంపెనీ మనుషులు కావాలన్నప్పుడల్ల ఆయన తన ఫోన్ల ఉన్న నంబర్లకు కొడ్తడు. అవతలి బ్లాక్‌ల స్టోర్ కీపర్ మలయాళీ, స్టోర్ అంత మలయాళీలే. వెల్డింగ్ అంత ఉత్తరప్రదేశ్, సెక్యూరిటీ నేపాలోళ్ళు. కంపెనీ ఎవ్వర్నీ దేశం చూసి ఏరుకోలే, మొదలు వచ్చినోడు ఏ పనిల ఉంటే వాని వెనకోళ్ళు అదే పనిల చేరిండ్రు. అందరికన్నా ఎక్కువ పైసలు కట్టి వచ్చినోళ్ళు బంగ్లాదేశోళ్ళు, వాళ్ళ అప్పులు వింటే మా అప్పు చిన్నగ అనిపించేది, జీతం మాత్రం అదే.

జీతం వెయ్యి రియాల్, తిండికి వేరే. అప్పుడు రియాల్ 18 రూపాయల పైన ఉండె. రియాల్‌ను 1986 కెల్లి డాలర్‌కు 3.75 అని కట్టి పెట్టిండ్రు, కదలది, కాబట్టి రూపాయి పడితే మాకు ఫాయిద. టీవీల రూపాయి పడిపోయింది అని ఇండియాల అందరు బాధపడుతుంటే క్యాంపుల మాత్రం ఎవడో ఒకడు ఈ రోజు పంపుదామా, ఇంకో రెండ్రోజులు ఆగుదామా అని లెక్కేస్తుంటడు. ఇక్కడ డీజిల్ రేట్ పెరిగి ట్రాక్టర్ కిరాయి పెరుగుతదని మాకూ తెల్సు, అయినా సంబురమే.

ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. జూన్ 15 కెల్లి సెప్టెంబర్ 15 దాంక మధ్యానం 12 నుంచి 3 వరకు బయట పని బంద్ అని రూల్ ఉన్నది, మా సైట్ల పాటించిండ్రు గాని ఆ మూడు గంటలు కూసోబెట్టింది కూడ నీడ లేని కంటైనర్ పక్కన. పొద్దుగాల నాలుగింటికి బస్ ఎక్కాలె. పాస్‌పోర్ట్‌లు కంపెనీ దగ్గర పెట్టుకున్నది, అది అక్కడి చట్టం ప్రకారం కూడ తప్పే, అడిగే ధైర్యం ఎవనికి. అకామా కార్డ్, అంటే అక్కడ ఉండనీకి ఇచ్చే కార్డ్, మాత్రం మా దగ్గరుంటది, అది లేకుండ గేట్ దాటద్దు.

జీతాలు ఆగినప్పుడో, సూపర్‌వైజర్ సతాయించినప్పుడో కొందరు రాత్రికి రాత్రి బయటికి పోతరు, ఖల్లివెల్లి అయిండు అంటరు. బయట రోజు కూలి ఎక్కువనే దొరుకుతది, కాని కంపెనీ పారిపోయిండని కేస్ పెడ్తది, ఇగ వాడు సొంతంగ ఇండియా రాలేడు. 2013ల, 2017ల సౌదీ సర్కారు క్షమాభిక్ష పెట్టి ఫైన్ లేకుండ పోనిచ్చింది, అట్లాంటిది మళ్ళ ఎప్పుడొస్తదా అని ఏండ్లకేండ్లు చూసేటోళ్ళు ఉన్నరు. 2021 మార్చి కెల్లి రూల్స్ కొంచెం మారినయి, ఏడాది పనిచేసినంక పాత కంపెనీ ఒప్పుకోకున్నా వేరే కంపెనీకి మారొచ్చు, ఎగ్జిట్ వీసా మనమే ఆన్‌లైన్ల తీస్కోవచ్చు అని. ఇండ్లల్ల పని చేసేటోళ్ళకు, ఇంటి డ్రైవర్లకు, గొర్లు ఒంటెలు కాసేటోళ్ళకు మాత్రం ఇది వర్తించది. అందరికన్నా కష్టంల ఉండేది వాళ్ళే.

మొదటి ఏడాది నేను పంపింది మొత్తం మిత్తికి, అసలుకు పోయింది. నూటికి రెండు రూపాయల మిత్తి. రెండో ఏడాది చెల్లె పెండ్లి బాకీ తీరింది. ఇంటికి స్లాబ్ వేద్దామనుకునేసరికి 2020ల కరోనా వచ్చింది. పని తగ్గింది, ఓవర్‌టైం బంద్, జులైల వాళ్ళ వ్యాట్ 5 కెల్లి 15 శాతం చేసిండ్రు, వండుకునే సామాన్ రేట్లు పెరిగినయి. కంపెనీ సగం జీతం ఇస్త, ఉంటే ఉండుండ్రి అన్నది. మనోళ్ళను తీస్కరానీకి ఇండియా సర్కారు నడిపిన వందే భారత్ ఫ్లైట్ల పేరు రాయించుకొని వచ్చేసిన.

వచ్చినంక చూస్తే ఊరే మారింది. నీళ్ళు కొంచెం నయమైనయి, అందరు వరి వేస్తున్నరు, నాటేసేటోళ్ళు లేరు. మా వయసోళ్ళు సగం మంది గల్ఫ్‌ల, పిల్లలు హైదరాబాద్‌ల, ఆడోళ్ళు బీడీలు విడిచి వంగి నాటేసుడు ఎందుకంటరు. ఆ నాట్లకు బీహార్, బెంగాల్ కెల్లి గ్యాంగులు దిగినయి. రైస్ మిల్లులల్ల హమాలీలు బీహారోళ్ళే, ఇటుక బట్టీలల్ల ఒడిశా వాళ్ళు. మోటర్ కొట్టం పక్కన తట్టు కట్టుకొని పడుకుంటరు, ఎకరానికి ఇంత అని గుత్త మాట్లాడుకుంటరు, తాడు పట్టి వరుసగ వేస్తరు. మొగోళ్ళు నాటేసుడు చూసి మా ముసలోళ్ళు మొదట్ల నవ్విండ్రు, ఇప్పుడు నంబర్ కోసం వాళ్ళే ఫోన్లు చేస్తరు.

మా తమ్ముని బిడ్డ గ్రూప్స్‌కు చదువుతది. ఒకరోజు జాగ్రఫీ బుక్ పట్టుకొని పెద్దనాన్నా ఇది నీ కథనే అన్నది. 1885ల రావెన్‌స్టైన్ అనేటాయన, జర్మనీల పుట్టి ఇంగ్లండ్ పోయి బతికినోడు, అక్కడి జనాభా లెక్కలు ముందల వేసుకొని మనుషులు ఎట్ల కదుల్తరో కొన్ని సూత్రాలు రాసిండట. ఎక్కువమంది పోయేది దగ్గరికే. దేశం లోపట ఆడోళ్ళు ఎక్కువ కదుల్తరు, దేశం దాటేది మొగోళ్ళు ఎక్కువ. ఒక దిక్కు మనుషులు పోతే ఎదురు దిక్కు కూడ కొందరు వస్తరు. పట్నం చుట్టుముట్టు ఊర్లోళ్ళు పట్నంల చేరితే ఆ ఖాళీని ఇంకా లోపటి ఊర్లోళ్ళు వచ్చి నింపుతరు. ఆఖరుది విని నేను మళ్ళ చదువుమన్న. మా పొలంల బీహార్ గ్యాంగ్ నాటేస్తుండంగ వింటున్న మరి. ఆడోళ్ళ ముచ్చట కూడ నిజమే, 2011 జనాభా లెక్కల మన దేశంల 45 కోట్ల మందికి పైన వలసోళ్ళే, వందకు 37 మంది, వాళ్ళల్ల దగ్గర దగ్గర సగం పెండ్లి చేసుకొని ఊరు మారిన ఆడోళ్ళు. అంటే పక్క ఊరికెల్లి కాపురానికొచ్చిన మా అవ్వ కూడ ఆ లెక్కల వలసనే, సౌదీ పోయిన నేను మాత్రమే కాదు. దేశం దాటినోళ్ళు ప్రపంచం మొత్తంల చూసినా 2024ల 30 కోట్ల చిల్లర, వందకు నలుగురు కూడ లేరు అని ఐక్యరాజ్యసమితి లెక్క. గొడవంత ఆ నలుగురి గురించే జరుగుతది.

మా ఊర్ల ఇంకో లైన్ కూడ ఉన్నది, పెద్ద భూములున్నోళ్ళ పిల్లలు ఎంఎస్ అని అమెరికా పోయే లైన్. వాళ్ళకు పాసుబుక్కు బదులు ఎడ్యుకేషన్ లోన్, ఊరి ఏజెంట్ బదులు కన్సల్టెన్సీ, మా ఫోర్‌మన్ బదులు ముందు పోయిన సీనియర్, డల్లాస్‌ల ఒక ఫ్లాట్‌ల ఆరుగురు. ఫ్లాట్‌ల మంచాలు లేవట, కింద పరుపులు. పద్ధతి మొత్తం మాదే, డిగ్రీ ఒకటి తేడా, పైసలల్ల చాన తేడా. దేశానికి వచ్చే పైసలల్ల గూడ ముందు యూఏఈ ఫస్ట్ ఉండేది, ఇప్పుడు ఆర్‌బీఐ సర్వేల అమెరికా ఫస్ట్, 2023-24ల అమెరికాకెల్లి దగ్గర దగ్గర 28 శాతం, యూఏఈ కెల్లి 19.

నాట్ల గ్యాంగ్ పెద్ద, ముకద్దం అంటం, సివాన్ జిల్లా పిల్లగాడు. బీహార్‌ల సివాన్, గోపాల్‌గంజ్ దిక్కు కూడ మా లెక్కనే గల్ఫ్ బెల్ట్ అని నాకు దమ్మామ్‌లనే తెల్సు, మా సైట్ల ఆ జిల్లాలోళ్ళు మస్తు ఉండిరి. నాకు హిందీ వచ్చింది వాళ్ళ దగ్గరనే. మీ ఇంట్ల ఎవరన్న పోయిండ్రా అంటే, అన్న రియాద్‌ల ఉన్నడు, వాని కోసం ఉన్న కొంచెం భూమి రెహన్ పెట్టినం, అది ఇంక విడవలే, నాకు పెట్టనీకి ఏం లేకుండె, అందుకే ఇటు రైలెక్కిన అన్నడు. ఇటు రానీకి టికెట్ పైసలు, గ్యాంగ్ల ఒక తెల్సినోడు ఉంటే చాలట. రెండు సీజన్ల నాట్ల పైసలు జమ చేసి సౌదీ పోతడట, వాళ్ళ దిక్కు ఏజెంట్ ఒకడు వీసా ఉన్నదన్నడట, ఇరవై వేలు అడ్వాన్స్ అడిగిండట. ఏజెంట్ పేరు చెప్పు అని నా ఫోన్ల ఈమైగ్రేట్ తెరిచి లైసెన్స్ ఉన్నోళ్ళ లిస్ట్‌ల వెతికిన, ఆ పేరు లేదు. పైసలు ఇయ్యకు అన్న. సరే భయ్యా అని తలకాయ ఊపి, మీ బావ కంపెనీల ఎప్పుడన్న మనుషులు కావాలంటే చెప్తవా అని తన నంబర్ నా ఫోన్ల ఫీడ్ చేసిపోయిండు. పోయిన వారం బావకు ఆ నంబర్ పంపిన.